బయట గడియ

మా ఇంటి గేటుకు గడియ బయటి పక్క ఉండేది. ఈ సంగతి చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

డెబ్భైల్లో మదనపల్లె ఊరి చివర ఎక్స్‌టెన్షన్ అని కొత్త కాలనీ వేసినప్పుడు మా మామ అక్కడ స్థలం కొని ఇల్లు కట్టించాడు. అన్నీ పట్నం పద్ధతి. కారు నిలిపేందుకు పోర్టికో, మొజాయిక్ గచ్చు, మేడ మీదికి బయటి నుంచి మెట్లు, ప్రహరీ గోడ మీద గాజు పెంకులు. గేటు ఒక్కటి మాత్రం తంబళ్లపల్లె పక్కనున్న తన సొంత ఊరి కమ్మరి చేత చేయించాడు. ఆ కమ్మరి అంతవరకు చేసినవన్నీ గొర్రెల దొడ్లకు, పశువుల దొడ్లకు తలుపులు. దొడ్డికి గడియ బయటే ఉంటుంది. లోపలున్న వాటికి గడియతో పనేముంది? మామ కూడా చిన్నప్పటి నుంచి ఆ తలుపులే చూసినవాడు కాబట్టి, గేటు నిలబెట్టిన రోజు ఆయనకు అందులో తేడా కనబడలేదు.

కనిపెట్టింది ఎదురింటి రిటైరైన అధికారి. చల్లటి గాలి కోసమని ఆ కాలంలో అటువంటి పెద్దలు చాలామంది మా ఎక్స్‌టెన్షన్‌లో ఇళ్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి వచ్చి, గేటు చూసి, లోపల పెంచేది మనుషుల్నా గొర్రెల్నా అని అందరి ముందూ నవ్వాడట. ఆ నవ్వే గడియను అక్కడ ఖాయం చేసింది. నవ్విన తర్వాత మారిస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని మామ పంతం పట్టాడు. మొదట్లో కమ్మీల మధ్య చేయి పెట్టి లోపలి నుంచి కూడా తీసుకునేవాళ్లట. తర్వాత మేకలు ఆ సందుల్లో తలలు దూర్చి గులాబీ మొక్కలు మేస్తున్నాయని కమ్మీలకు ఇనుప రేకులు కొట్టించాడు. దాంతో చేయి పట్టే దారి పోయింది. బయటికి పోయేవాళ్లు గడియ వేసి పోవాలి, వచ్చేవాళ్లు తీసుకొని రావాలి. రాత్రి డ్రైవర్ కారు నిలిపి, బయట గడియ వేసి ఇంటికి పోయేవాడు, పొద్దున వచ్చి తీసేవాడు. పనిమనిషి కారు పోయాక తానే తీసుకొని వచ్చేది, తానే వేసి పోయేది. పగలంతా అత్త, నేను, గులాబీలు లోపల ఉండేవాళ్లం.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది పుంగనూరు నుంచి. మా నాన్నకు అక్కడ వేరుశనగ కాయల వ్యాపారం, కొంచెం సేద్యం. ఎనిమిదో తరగతితో నా బడి మానిపించారు. కానీ మా వీధి పక్క వీధిలోనే గ్రంథాలయం ఉండేది. వంట ముగించి, మధ్యాహ్నం అక్కడికి పోయి కూర్చునేదాన్ని. మొదట కథలు చదివాను, ఆ తర్వాత చరిత్ర, ఆ తర్వాత ఏది దొరికితే అది. గ్రహణాలు ఎందుకు పడతాయో, కాగితం ఎట్లా తయారవుతుందో, సముద్రానికి ఆటుపోట్లు ఎందుకొస్తాయో బడికి పోయే మా అన్నకు నేను చెప్పేదాన్ని. సముద్రం మాత్రం చూడలేదు. నాకు పెళ్లి సంబంధం కుదిరినప్పుడు నేను అడిగింది ఒకటే, మదనపల్లెలో గ్రంథాలయం ఉందా అని. పుంగనూరు దానికంటే పెద్దదే ఉంది అన్నారు. నాన్న నాతో పాటు వచ్చి అక్కడ నా పేరు రాయించి, కార్డు నా చేతిలో పెట్టిపోయాడు.

గ్రంథాలయం ఉన్న మాట నిజమే. అది ఊళ్లో, నేను ఎక్స్‌టెన్షన్‌లో. నడిస్తే అరగంట కూడా పట్టదు, కానీ నడవకూడదు. ఎక్స్‌టెన్షన్ ఆడవాళ్లు రోడ్డు మీద నడిచి పోవడమనేది లేదు. కారు కొనక ముందు అత్త జట్కా ఎక్కి సంతకు పోయేదట. కారు వచ్చినాక జట్కా ఎక్కడం చిన్నతనమైంది. ఆ కారేమో పొద్దున మామతో, మా ఆయనతో నూనె మిల్లుకు పోయి చీకటి పడ్డాక వచ్చేది. కారు లేని ఇంటి కోడలినయ్యుంటే వారానికి రెండుసార్లు గ్రంథాలయానికి పోయి వచ్చేదాన్నని చాలాసార్లు అనుకున్నాను.

అందుచేత నా పుస్తకాలు డ్రైవర్ తెచ్చేవాడు. కార్డు ఇచ్చి పంపితే, అక్కడి ఆయన ఏది ఇస్తే అది. రెండో భాగం వచ్చేది, మొదటిది రాదు. కోళ్ల పెంపకం మీద పుస్తకాలు వరసగా వచ్చాయి. ఒకసారి లావుపాటి విజ్ఞాన సంపుటం వచ్చింది. అందులో క నుంచి గ వరకు మాత్రమే ఉంది. నేను దాన్ని మళ్లీ మళ్లీ గడువు పొడిగించుకొని చదివాను. కర్పూరం, కస్తూరి, కాఫీ, ఖనిజాలు, గంధకం, గబ్బిలాలు, వీటి గురించి నాకు తెలియని విషయం లేదు. తర్వాతి సంపుటం అడగమని డ్రైవర్‌కు చెప్పి పంపితే మళ్లీ కోళ్లే వచ్చేవి.

అత్త చదువుకోలేదు. మధ్యాహ్నం నా పక్కన కూర్చొని చదివి చెప్పమనేది. గబ్బిలం తల్లి పాలు ఇస్తుందని చెప్పినప్పుడు చాలాసేపు ఆలోచించింది. ఒకరోజు చింతచెట్టు గురించి ఏం రాశారని అడిగింది. అది తర్వాతి సంపుటంలో ఉంటుందన్నాను. "అయితే మనకు ఈ జన్మకు కోళ్లు, గబ్బిలాలే" అంది.

ఆమెది మంచి గొంతని అందరూ చెప్పేవాళ్లు. ఊళ్లో ఉన్నప్పుడు గుట్ట మీదున్న గొర్రెల కాపరిని ఇంటి గడపలో నిలబడి అన్నానికి పిలిచేదట. ఎక్స్‌టెన్షన్‌కు వచ్చాక మామ ఆమెను మెల్లగా మాట్లాడమన్నాడు. ఇక్కడ పక్కింటికి మాట వినబడితే మర్యాద కాదన్నాడు. ఆమె మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టి, చివరికి వంటింట్లో నన్ను పిలవడానికి కూడా దగ్గరకొచ్చి భుజం తట్టేది. ఆ వీధిలో మధ్యాహ్నం పూట నిజంగానే ఏ చప్పుడూ ఉండదు. పుంగనూరులో నేను పుస్తకం చదువుతుంటే వీధి గొడవంతా చెవిన పడేది, విసుక్కునేదాన్ని. ఇక్కడ ఎంత నిశ్శబ్దం కావాలంటే అంత ఉంది, చదివింది మాత్రం తలకెక్కేది కాదు.

ఒక వేసవిలో గ్రంథాలయం నుంచి డ్రైవర్ ఒక కబురు తెచ్చాడు. కార్డు ఉన్నవాళ్లు నెలాఖరులోపు స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి, రానివాళ్ల కార్డులు తీసేసి కొత్తవాళ్లకు ఇస్తారు. పుస్తకాల కోసం చాలామంది కాచుకొని ఉన్నారట.

నేను ఆ రాత్రి భోజనాల దగ్గరే మా ఆయనతో చెప్పాను. దానిదేముంది, రేపు కారు పంపిస్తానన్నాడు. మంచివాడు, ఎప్పుడూ కాదనడు. మరుసటి రోజు విత్తనం కాయల కోసం కారు రామసముద్రం పోయింది. ఆ తర్వాత మిల్లు బెల్టు తెగింది. ఆ తర్వాత ఎవరిదో పెళ్లి. నెల అట్లా జరుగుతూ చివరి రోజుకు వచ్చింది. ఆరోజు మామకు కుప్పంలో పని పడింది. అక్కడి రాళ్ల క్వారీలో భాగం ఇస్తామని ఎవరో పిలిచారు, వాళ్లు సాయంత్రం రైలుకు బెంగుళూరు పోతారట. మా ఆయన గేటు దగ్గర నిలబడి మూడింటికల్లా తిరిగొస్తాం, గ్రంథాలయం ఆరు దాకా ఉంటుంది, తయారుగా ఉండు అన్నాడు. కారు వీధిలోకి దిగింది. డ్రైవర్ దిగి గడియ వేశాడు. ఆ తర్వాత పనిమనిషి వచ్చి, పని ముగించి, తానూ గడియ వేసి పోయింది. కారు వస్తుందనే నమ్మకంతో ఆమెను కాసేపు ఉండమనాలని కూడా నాకు తోచలేదు.

మధ్యాహ్నమే మంచి చీర కట్టుకొని, కోళ్ల పుస్తకాన్ని సంచిలో పెట్టుకొని పోర్టికోలో కూర్చున్నాను. మూడైంది. నాలుగు కావచ్చింది. కుప్పం పోయిన కారు పలమనేరు, పుంగనూరు దాటుకొని రావాలి. దారి ఎంతో నాకు తెలుసు, పటంలో వేలితో ఎన్నోసార్లు పోయి వచ్చాను. మూడింటికి అది రాదని పొద్దునే తెలిసుండాల్సింది. లేచి గేటు దగ్గరికి పోయి రేకును తోశాను. కదలలేదు. గోడ మీద గాజు పెంకులు ఎండకు మెరుస్తున్నాయి. కార్డు పోతే కోళ్లు కూడా రావు. చ నుంచి మొదలయ్యే సంపుటం ఆ అలమరాలో ఎక్కడుందో నేను ఎప్పటికీ చూడను. మా నాన్న రాయించిన పేరు కొట్టేస్తారు. నేను తిరిగొచ్చి మళ్లీ కుర్చీలో కూర్చున్నాను. అప్పుడు ఏడ్చానేమో, గుర్తులేదు.

అత్త తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. వీధి చివర మేకల మెడ గంటలు వినబడ్డాయి. ఆమె మెట్లెక్కి మేడ మీదికి పోయింది. మరుక్షణం, ఆ ఇంటికి వచ్చాక నేను ఎన్నడూ వినని గొంతు ఒకటి వీధంతా మోగింది.

"ఓమ్మే, మేకలు తోలుకుపోయే ఆమే! రొంత ఈడికి రా!"

ఎదురింట్లో కిటికీ తెరుచుకుంది. పక్కింట్లో కుక్క మొరిగింది. గంటలు దగ్గరికొచ్చి మా గేటు ముందు ఆగాయి.

"ఏమమ్మా, పిలిస్తిరే" అని ఒక ఆడమనిషి గొంతు.

"గడియ తియ్యి."

"మీరు లోపల్నే ఉండారు కదా, మీరే యాల తీసుకోరు?"

"గడియ ఆ పక్కుండాది. సూడు."

రేకు అవతల గడియను కదిపిన చప్పుడైంది. చూస్తున్నట్టుంది. "ఇదేమమ్మా, ఇంత పెద్దిల్లు, మా మేకల దొడ్డి మాదిరి ఉండాదే!"

"దొడ్డే. తియ్యి ముందు, కోడలు పోవాల."

గడియ జరిగింది. నాకంటే ముందు మేకలు లోపలికొచ్చాయి. ఏ మేకల కోసం ఆ రేకులు కొట్టించారో అవే నేరుగా గులాబీల దగ్గరికి పోయాయి. ఆమె అదిలించబోతే అత్త మేడ మీది నుంచే, "తిననీలే, పాపం" అంది. నాతో మాత్రం, "నిలబడి సూస్తాండావే, పో" అంది.

నడిచాను. మొదటి మలుపు దాకా నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ప్రతి వరండాలోనూ ఎవరో ఉన్నట్టే అనిపించింది. కొన్నింట్లో నిజంగానే ఉన్నారు. వేసవి ఎండకు చెప్పుల కింద రోడ్డు మెత్తబడింది. కాళ్లకు అలవాటు తప్పి పిక్కలు లాగాయి. ఊరు మొదలై, సైకిళ్లూ జనమూ కనబడేసరికి ఎవరూ నన్ను చూడటం లేదు. అక్కడి నుంచి మామూలు మనిషిలా నడిచాను.

గ్రంథాలయంలో ఆయన కార్డు తీసుకొని నన్ను, దాన్ని మార్చి మార్చి చూశాడు. "ఇది మీదా అమ్మా? డ్రైవర్ వస్తాంటే, పేరు మీదైనా చదివేది ఎవరో పెద్దాయన, కోళ్ల ఫారం పెట్టుకుంటాండాడు అనుకుంటి." అందుకని ఆ శాస్త్రం మీద పుస్తకం కనబడినప్పుడల్లా నా కోసం పక్కన పెట్టేవాడట. సంతకం పెట్టాను. అలమరా దగ్గరికి నేనే పోయాను. చ తో మొదలయ్యే సంపుటం కింది వరసలో, దుమ్ము కొట్టుకొని ఉంది. బరువైన పుస్తకం. రెండు చేతులతో ఎత్తుకున్నాను.

తిరిగొచ్చేసరికి మేకలామె మా గోడ నీడలో కూర్చొని మజ్జిగ తాగుతోంది. అత్త గేటు సందులో నిలబడి ఆమెతో గొర్రెల జబ్బుల గురించి మాట్లాడుతోంది, మామూలు గొంతుతో. చీకటి పడబోతోంది. కారు వచ్చేసరికి గేటు తెరిచి ఉంటే అడుగుతారు. ముగ్గురం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. అత్తా నేనూ లోపలికి వచ్చాం. ఆమె బయటి నుంచి గడియ వేసి మేకల్ని తోలుకొని పోయింది.

మామ టార్చి వేసి గులాబీలను చూశాడు. మేకలు గోడ దూకినాయా అని అడిగితే, "దూకినట్టుండాయి" అంది అత్త, మళ్లీ మెల్లటి గొంతుతో. ఆ వారమే గోడ మీద ఇంకో వరస గాజు పెంకులు పెట్టించాడు.

నేను నడిచిపోవడం చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్కరూ ఇంట్లో చెప్పలేదు. అది వాళ్ల మంచితనమో, లేక గేటు దాటి పక్కింటికి వచ్చి చెప్పే అలవాటు ఆ వీధిలో లేకపోవడమో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత చాలా ఏళ్లు, ఎనభైలు వచ్చాక కూడా, వారానికొకసారి మధ్యాహ్నం మేకలామె వచ్చి గడియ తీసేది. అత్త చెంబుతో మజ్జిగ అందించేది. చింతచెట్టు గురించి ఏం రాశారో అత్తకు చదివి వినిపించాను. "ఇంతేనా, ఇది నాకు తెలిసిందే కదా" అంది. తర్వాత ట వరకు వచ్చాం, ప వరకు వచ్చాం. అన్నిసార్లూ ఒకటే పద్ధతి. వీధి మలుపు తిరగ్గానే అడుగు వేగం పెంచేదాన్ని, కారు కంటే ముందు చేరాలని. లోపలికి వచ్చి, సంచి కింద పెట్టి, రేకు అవతల కనబడని మేకలామెతో నేనే చెప్పేదాన్ని.

"వెయ్యమ్మా."