ఎడమ పక్క జాగా

నేను నడిచేటప్పుడు నా ఎడమ మోచెయ్యి ఒంటికి ఆనదు. ఎవరినో చుట్టుకున్నట్టు కాస్త ఎడంగా ఉంటుంది. కాప్రాలో మా కోడలు అది చూసి కంగారుపడి, పక్షవాతమేమోనని నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన చెయ్యి మడిచి, చాచి, భేషుగ్గా ఉందన్నాడు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. పోలీసు చర్య జరిగిన ఏడు, సికింద్రాబాద్‌లో, ఆ చెయ్యి అలా నిలిచిపోయింది. అది చెబితే మతి కూడా పోయిందనుకుంటాడని ఊరుకున్నాను.

అప్పుడు నేను సర్కస్‌లో ఆడే పిల్లను. పరేడ్ గ్రౌండు దగ్గర మా తంబూ. నేనూ, మాకు ఆట నేర్పే ఉస్తాద్ కూతురూ జోడీగా ముగ్దర్లు ఎగరేసేవాళ్ళం. పహిల్వాన్లు తిప్పే బరువైనవి కావు. సన్నని పిడి, లావుపాటి పొట్ట ఉన్న తేలిక కొయ్యవి. ఇద్దరం భుజానికి భుజం ఆనించి నిలబడేవాళ్ళం, నేను కుడివైపు, ఆమె ఎడమవైపు. నా ఎడమ చెయ్యి ఆమె నడుము చుట్టూ, ఆమె కుడి చెయ్యి నా నడుము చుట్టూ. మిగిలిన రెండు చేతులతో మూడు ముగ్దర్లను మార్చి మార్చి విసిరి పట్టేవాళ్ళం. దూరం నుంచి చూస్తే ఒకే మనిషి ఆడుతున్నట్టు ఉండేదట. విసిరే ముందు ఆమె "ఊఁ" అనేది. దాన్ని బట్టే నా చెయ్యి లేచేది. పోట్లాడుకుని మాటల్లేని రోజున కూడా ఆ "ఊఁ" మాత్రం మానేది కాదు, మహాతల్లి.

ఉస్తాద్‌కు ఒక కట్టుబాటు ఉండేది. ముగ్దర్ ఎవరి పక్క పడితే వాళ్ళే వంగి తీయాలి. రెండోవాళ్ళు ముట్టకూడదు, తానూ ముట్టడు. నడుము నొప్పి పుడితే తప్ప చేతికి బుద్ధి రాదని ఆయన నమ్మకం.

ఆ వానాకాలంలో, బీదర్ వైపు పల్లెలో ఉన్న వాళ్ళ నానమ్మకు సుస్తీ చేసిందని కబురొచ్చింది. దారులు బాగాలేవని అందరూ వద్దన్నారు. ఆమె వింటేగా. మేనమామను వెంటబెట్టుకొని బయలుదేరింది. పోతూ పోతూ నాతో, "జల్దీ వస్తనే. నా జాగల ఎవర్నీ నిలవెట్టకు" అంది.

తర్వాత సైన్యం వచ్చింది. సికింద్రాబాద్‌లో జనం రోడ్ల వెంట నిలబడి దండలు వేశారు. నేనూ చూడటానికి వెళ్ళాను, సంతోషించాను కూడా. బీదర్ వైపు నుంచి మాత్రం మంచి కబురు ఒక్కటీ రాలేదు. అక్కడ ముసల్మానులను ఎంతమందినో చంపేశారని మనుషులు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు, ఉస్తాద్ కనబడగానే మాట మార్చేవాళ్ళు.

ఆటలు మళ్ళీ మొదలయ్యాయి. దేవుడు రెండు చేతులిచ్చాడు కదా, ఒక్కదానివే ఆడమన్నాడు మేనేజరు. ఉస్తాద్ ఒప్పుకోలేదు.

"ఎడమ చెయ్యి నా బిడ్డది. నువ్వు కుడి చేత్తోనే మూడూ ఎత్తు. అది వచ్చినంక మళ్ల జోడీ కడ్తం" అన్నాడు.

మేనేజరుకు అది పిచ్చిగా తోచింది. నాకు తోచలేదు. ఎడమ చేత్తో ఒక్క ముగ్దర్ పట్టానంటే ఆమె ఇక రాదని నేను ఒప్పుకున్నట్టే. అందుకని ఆ చేతిని ఆమె నడుము ఉండాల్సిన చోట, గాలిలోనే వంచి ఉంచి, కుడి చేత్తో సాధన మొదలుపెట్టాను.

ఒక్క చేత్తో మూడంటే ఒళ్ళు హూనమైపోతుంది. లోపలి నుంచి పైకి వదిలి, బయటివైపు దిగుతుండగా అందుకోవాలి. ముగ్దర్ గాలిలో కాస్త ఎక్కువ తిరిగిందా, పిడికి బదులు పొట్ట వచ్చి వేళ్ళు చితకగొడుతుంది. చేతిని చూడకూడదు, ముగ్దర్ పైకి పోయి ఆగే చోటునే చూడాలి. రెండు త్వరగానే లొంగాయి. మూడోది చేరేసరికి ఏదో ఒకటి ఎడమకు పోయేది. ఎప్పుడూ ఎడమకే. అక్కడెవరో అందుకుంటారన్నట్టు పోయి, దబ్బున నేల మీద పడేది. అది ఆమె పక్క. కట్టుబాటు ప్రకారం ఆమే తీయాలి. నేను ముట్టలేదు, ఉస్తాద్ ముట్టలేదు. ఆ పూటకు సాధన అక్కడితో బంద్. తర్వాత తంబూ ఊడ్చే మనిషి వచ్చి, మా ఇద్దరినీ తిట్టుకుంటూ దాన్ని పెట్టెలో వేసేవాడు.

ఒక్కోసారి విసరబోతుంటే పక్కనుంచి "ఊఁ" అని వినిపించేది. నేను తల తిప్పేదాన్ని కాను. తిప్పితే ఎవరూ ఉండరు, అది నాకు చూడాలని లేదు. వంచిన చేతి లోపలివైపు వెచ్చగా కూడా ఉండేది. భయం వేసేది. ఆ వెచ్చదనం ఎక్కడ పోతుందోనని అంతకన్నా ఎక్కువ భయం వేసేది.

ఒక పొద్దున బీదర్ వైపు నుంచి ఎవరో ముసలాయన వచ్చాడు. ఆయనా ఉస్తాదూ నీళ్ళ పీపా పక్కన కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నేను సాధనలో ఉన్నాను. ఆ రోజు ఏమైందో గానీ మూడూ చెప్పినట్టు విన్నాయి. ఒకటి పైన, ఒకటి దిగుతూ, ఒకటి చేతిలో, అలా ఆగకుండా తిరుగుతూనే ఉన్నాయి. నాకు పట్టలేనంత సంబరం వేసింది. ఆమె వచ్చి చూస్తే కుళ్ళుకు చస్తుందని నవ్వుకున్నాను. అంతలో ఒకటి ఎడమకు జారి కింద పడింది. ఎప్పటిలాగే నిలబడిపోయాను.

ఉస్తాద్ లేచి వచ్చాడు. ఆమె పక్కకు నడిచి, వంగి, ఆ ముగ్దర్ ఎత్తాడు. దానికి అంటిన రంపపు పొట్టు తుడిచాడు. గాలిలో వంచి ఉన్న నా ఎడమ చేతిని మెల్లగా కిందికి దించి, గుప్పిట్లో పిడి పెట్టి వేళ్ళు మూశాడు.

"ఇగ గీ చెయ్యి సుత నీదే, బిడ్డా" అన్నాడు.

ఆ సాయంత్రం ఆటలో రెండు చేతులతో ఆడాను. ఒక్కటి కూడా పడలేదు, జనం చప్పట్లు కొట్టారు. ముగ్దర్లను పెట్టెలో పెట్టి తంబూ బయటికి నడుస్తుంటే, ఎడమ చెయ్యి దానంతట అదే లేచి ఆమె నడుము ఎత్తున ఆగింది. దించడానికి నాకు మనసు రాలేదు.