ఇప్పుడు ముగ్గురు చూస్తున్నారు

మా పెద్ద బావ ముప్పై ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తున్నాడు. కంటికి భూతద్దం బిగించాడంటే ఆవగింజంత మరైనా ఇట్టే దొరికిపోతుంది. తోడల్లుడి సుఖం మాత్రం ఆయనకు ఏ అద్దం లేకుండానే కొండంత కనిపిస్తుంది. ఆ తోడల్లుడు, అంటే మా చిన్న బావ, సోఫాలు చేయించి అమ్ముతాడు.

ఇద్దరికీ వెబ్‌సైట్లున్నాయి. చిన్న బావ సైట్‌లో ఓ మూల పచ్చచుక్క వెలుగుతూ, సోఫాలను ఇప్పుడు ఎంతమంది చూస్తున్నారో చెబుతుంటుంది. పెద్ద బావ పొద్దున్నే కొట్టు తెరిచి కంప్యూటర్లో చూసేవాడు: ఒకరు. నమ్మకం కుదరక తన ఫోన్లో తెరిచేవాడు: ఇద్దరు. అదీ చాలక మా అక్క ఫోన్లో తెరిచేసరికి ముగ్గురు.

"చూశావా, చూస్తుండగానే జనం ఎలా ఎగబడుతున్నారో" అని అక్క దగ్గర వాపోయేవాడు.

ఆ చుక్క తనకూ కావాలనిపించింది. సైట్ నడిపే కంపెనీవాళ్లు ఉచితమే అన్నారు. పెట్టుకున్నాక మొదలైంది అసలు పీడ. గోడగడియారం ఫొటో ఒకటి ఎక్కిద్దామని వెళితే చాలు, పేజీకి అడ్డంగా పసుపు పలక దిగేది: "మీ పోటీదారులు ముందుకెళ్లిపోయారు. మీరింకా ఉచితంలోనే ఉన్నారా?" దాన్ని మూసే గుర్తు ఎక్కడుందో వెతికి వెతికి నొక్కితే తిన్నగా ధరల పేజీలో తేలేవాడు. చుక్క పక్కన అంకె కావాలంటే ఒక ప్లాను, ఆ అంకె కొనేవాళ్లక్కూడా కనపడాలంటే ఇంకో ప్లాను. నోటికొచ్చినట్టు తిట్టేవాడు. కానీ 'పోటీదారులు' అన్న చోట చిన్న బావ నవ్వుమొహమే కనిపించేది. తిట్టుకుంటూనే రెండూ కొన్నాడు.

చుక్క వెలిగింది. ఒకరు చూస్తున్నారంది. ఎవరో ఆ పుణ్యాత్ముడని బావ ఆ రోజంతా ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

వారం తిరక్కుండా చిన్న బావ కొట్టుకొచ్చాడు, కాళ్లు నేలమీద ఆనకుండా.

"ఎవరు చూస్తున్నారో చెప్పే ప్లానొకటుంది అన్నయ్యా. తెల్లారిలేస్తే కొనమని అదే గోల, విసుగెత్తి కొనేశాను. తీరా చూస్తే అందరూ మీ పేటవాళ్లే. కొట్లు తీసే వేళ, భోజనాలయ్యాక, మళ్లీ మూసే వేళ. మీ పక్క గది ఖాళీయేగా? అక్కడో షాపు పెట్టేస్తా. సాయంత్రం అడ్వాన్సు ఇస్తున్నా."

ఆ మూడు వేళలూ తనవేనని పెద్ద బావకు అర్థమైంది. నోరు మెదపకపోతే తోడల్లుడు నిండా మునుగుతాడు. ఆ ఊహ ఒక్క నిమిషం తియ్యగానే అనిపించిందని తర్వాత నా దగ్గర ఒప్పుకుని తల దించుకున్నాడు. రెండో నిమిషంలో మరదలు, పిల్లలు గుర్తొచ్చారట.

"అడ్వాన్సు ఇవ్వకు తమ్ముడూ. ఆ పేటంతా నేనే."

"మీరేంటి?"

"నా కంప్యూటరూ, నా ఫోనూ, మీ వదిన ఫోనూ."

చిన్న బావ మొహం వాడిపోయింది. స్టూలు లాక్కుని కూలబడ్డాడు. అంతలోనే ఏదో తట్టినట్టు తలెత్తాడు.

"రోజూ మూడు పూటలా చూశారంటే మీకేదో నచ్చే ఉంటుంది. మొహమాటం దేనికి, ఏది కావాలో చెప్పండి."

కుళ్లుకుని చూశానని చెప్పడం కంటే సోఫా కొనడమే తేలికనిపించింది పెద్ద బావకు.

"ఆ గోధుమరంగుది" అన్నాడు.

ఇప్పుడది మా అక్క ముందుగదిలో సగం ఆక్రమించుకుని ఉంది. కుట్టు బాగుందని, మెత్తగా ఉందని వచ్చినవాళ్లంతా మెచ్చుకుంటారు. బావకు మాత్రం వెనక్కి వాలడానికి మనసొప్పదు. కొసకే కూర్చుంటాడు.