ఆ మధ్యాహ్నం కారు నుంచి వచ్చిన కబురు

నాలుగేళ్లుగా ఒక మాట గొంతుకు అడ్డం పడి ఉంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

శ్రీహరి నా తోడల్లుడు, మా ఆవిడ చెల్లెలి భర్త. విడవలూరు దగ్గర గుంటల్లో రొయ్యలు పెంచుతాడు. నేను కావలిలో ఒక కరెంటు సామాన్ల షాపులో పనిచేస్తాను. అతను కారు కొనేదాకా మామగారిని నెల్లూరు ఆసుపత్రికి నా బండి మీదే తీసుకెళ్లేవాడిని. దారిలో ఆగి ఇద్దరం టీ తాగేవాళ్లం. కారు వచ్చాక ఆయన నా బండి ఎక్కలేదు. పెద్దల్లుడిని నేను, వెనక సీట్లో సంచుల పక్కన కూర్చునేవాడిని. కుళ్లుకున్నాను. ఇంకో మాట వెతకను.

ఆ కారు దేన్నైనా గట్టిగా గుద్దుకుంటే దానంతట అదే కాల్ సెంటర్‌కు కబురు పంపుతుంది. వాళ్లు కారులోని మనిషిని పలకరిస్తారు. మనమిచ్చిన నెంబరుకూ ఫోన్ చేసి, అవసరమైతే అంబులెన్సును పంపిస్తారు. కారులో ఉండే ఒక బటన్ నొక్కినా అంతే. శ్రీహరి ఇచ్చింది నా నెంబరే. చుట్టాలకు చూపించడానికి రెండుసార్లు ఊరికే ఆ బటన్ నొక్కాడు. రెండుసార్లూ నాకు ఫోన్ వచ్చింది.

మూడోసారి వచ్చినప్పుడు అన్నం తింటున్నాను.

"సార్, శ్రీహరి గారి కారు దేనికో గుద్దుకున్నట్టు చూపిస్తోంది. లోపల ఎవరూ పలకడం లేదు. అంబులెన్స్ పంపమంటారా?"

"అక్కర్లేదమ్మా. అతనికిది ఆట. ఊరికే నొక్కుంటాడు."

"కచ్చితంగా అంతేనా సార్?"

"నేను చెప్తుండా గదమ్మా."

నిజంగా అలా అనుకునే అన్నానా? ఎవరూ పలకడం లేదన్న మాట నాకు స్పష్టంగానే వినిపించింది. అంతకుముందు రెండుసార్లూ ఆ మాట లేదు. కారుకు సొట్ట పడి ఉంటుంది, పడనీ, వచ్చే వారం మామగారు ఎవరి బండి ఎక్కుతారో చూద్దాం అనిపించింది. ఆ సంతోషంతోనే ఇంకో ముద్ద పెరుగన్నం తిన్నాను. చెయ్యి కడుక్కున్నాకైనా శ్రీహరికి ఫోన్ చేసి ఉండొచ్చు. చెయ్యలేదు.

కారు గుంటల గట్టు మీద నుంచి కాలువలోకి పడింది. రొయ్యల మేత దించి వస్తున్న ఆటో అతను చూసేసరికి గంటన్నర దాటిపోయింది. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే కాలు దక్కేదన్నాడు డాక్టరు. కబురే పంపలేదని కారు కంపెనీని అందరూ తిట్టారు, అందరికంటే గట్టిగా నేను తిట్టాను. శ్రీహరి ఫిర్యాదు రాస్తానంటే, నాకు ఫోన్ చేశామని కంపెనీ వాళ్లు ఎక్కడ చెప్పేస్తారోనని, నేను చూసుకుంటానని కాగితాలు తీసుకున్నాను. అవి ఇప్పటికీ మా బీరువాలో చీరల కింద ఉన్నాయి.

మామగారు మళ్లీ నా బండి ఎక్కారు. నేను కోరుకున్నదే కదా? టీ కొట్టు దగ్గర ఆయన చిన్నల్లుడి కాలు తలుచుకుని కళ్లు తుడుచుకుంటుంటే, గ్లాసు పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడేవాడిని.

పోయిన వారం శ్రీహరి ఎడమ కాలితో పనిలేకుండా, క్లచ్ లేని కొత్త కారు తెచ్చాడు. "ఈ కారులో కబురు పంపేదన్నా బాగా పనిచేస్తుందంటన్నా. మళ్లీ నీ నెంబరే ఇచ్చినా. నువ్వయితే పరిగెత్తుకోని వస్తావు" అన్నాడు. సరే అన్నాను.

అతనికి చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. మీతో చెప్పుకున్నాక కాస్త ఊపిరి ఆడుతోంది, అంతే. ఇంకొక్కటి మిగిలింది. నిన్న మామగారు ఆ కొత్త కారు ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు. నాకు మళ్లీ కడుపు మండింది.