అష్టగ్రహ కూటమి నాడు ఆదిలాబాద్‌లో

1962 ఫిబ్రవరి మొదట్లో ఎనిమిది గ్రహాలు ఒక్కచోటికి వస్తున్నాయనీ, లోకం మునిగిపోతుందనీ ఊరూరా భయం. కరీంనగర్ బడిలో సైన్సు చెప్పే నన్ను, ఆదిలాబాద్ వచ్చి జనానికి నాలుగు మాటలు చెప్పమని ఒక స్నేహితుడు పిలిచాడు. శుక్రవారం పొద్దున ఆరింటి బస్సెక్కాను.

నిర్మల్ చేరేసరికి ఒంటిగంట. పూరీ తిని ఆదిలాబాద్ బస్సులోకి మారాను. నా పక్కన రాజవ్వ అనే పెద్దామె కూర్చుంది. ఆదిలాబాద్‌లో ఉన్న ఆమె కూతురికి నెలలు నిండాయి.

"గీ మూడు దినాలు గడప దాటద్దంటుండ్రు సారూ. నొప్పులొస్తే దవఖానకు ఎట్ల తీస్కపోవాలె? మొదటి కాన్పుకే నా బిడ్డ సచ్చి బతికింది."

బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతోంది. కిటికీలోంచి చూపించాను. "గా చెట్టు, దానెనుక గుట్ట, గుట్ట మీద మబ్బు ఒక్కకాడనే కనవడ్తున్నయా? మరి తాకుతున్నయా?"

"ఏడ తాకుతయ్? మబ్బు ఎంత దూరముంది!"

"గ్రహాలు గూడ గంతే. ఒక్కదిక్కు కనవడ్తయ్, దగ్గరికి రావు."

ఆమె వదల్లేదు. "మరి అన్ని గల్సి భూమిని గుంజవా?"

గుంజవు అంటే ఆమెకు ధైర్యం వచ్చేది. కానీ అది నిజం కాదు.

"గుంజుతయ్ అవ్వా. అండ్ల సూర్యుడిది, చంద్రుడిదే లెక్కకొచ్చే గుంజుడు. గా రెండు ప్రతి అమాసకు ఒక్కదిక్కే ఉంటయ్. మిగిలినయి శానా దూరం. వాటి గుంజుడు ఉన్నా లేనట్టే."

"అయితే నా బిడ్డకు ఏం గాదంటవా?"

"గ్రహాలతోని ఏం గాదు. కాన్పు సంగతి నేను చెప్పలేను, డాక్టరమ్మ చెప్తది. నొప్పులొస్తే ఆగకుండ తీస్కపో."

ఆమె కిటికీలోంచి గుట్టనే చూస్తూ కూర్చుంది. ఆదిలాబాద్‌లో మూట ఎత్తుకుని, నా వైపు చూడకుండానే దిగిపోయింది.

శనివారం సాయంత్రం పత్తి మార్కెట్లో సభ. నేను తెలుగులో చెప్పాను, స్నేహితుడు మరాఠీలో చెప్పాడు. వచ్చినవాళ్ళు కొద్దిమందే, ఊరంతా హోమాల దగ్గరే ఉంది. రాజవ్వ కూతురికి ఏమవుతుందోనని మూడు రోజులూ స్నేహితుడి ఇంట్లో తిండి సయించలేదు.

మంగళవారం పొద్దున బస్టాండుకు వెళ్తూ దవాఖానలోకి తొంగిచూశాను. రాజవ్వ వరండాలోనే ఉంది. నన్ను చూసి లేచి వచ్చింది.

"అమాసనాడే నొప్పులొచ్చినయ్ సారూ. అల్లుడు తలుపుకు అడ్డం నిలవడ్డడు. చెట్టు, గుట్ట, మబ్బు ముచ్చట వానికి చెప్పిన. గప్పుడు బండి కట్టిండు. లోపల బిడ్డ అడ్డం తిరిగిందట. జర ఆలస్యమైతే ఇద్దరూ దక్కకపోదురు."

"నా మాట నమ్మినవా అవ్వా?"

"ఏం గాదని ఒట్టేస్తే నమ్మకపోదును. లోకం మునుగుతదని ఊర్ల అందరూ ఒట్లే వేస్తుండ్రు గద!"

తిరుగు బస్సు కిటకిటలాడింది. లోకం మునగలేదని జనం ఒకరినొకరు ఆటపట్టిస్తూ నవ్వుకుంటున్నారు. ఆదిలాబాద్‌లో చూడదగ్గవేమిటని ఎవరైనా అడిగితే నేనేమీ చెప్పలేను. నేను చూసింది దవాఖాన వరండాలో, రాజవ్వ చేతుల్లో, పాత చీర ముక్కలో, పిడికిళ్ళు బిగించి నిద్రపోతున్న ఓ ఆడపిల్లను. ఘాట్ ఎప్పుడు దిగామో నాకు తెలియదు. అప్పటికే నాకూ కన్ను అంటుకుంది.