లక్ష్మీనర్సమ్మ దించని బోనం

లక్ష్మీనర్సమ్మ నెత్తి మీది బోనాన్ని నడివీధిలో దించేశారు. దించింది పరాయివాళ్లు కాదు, సొంత మరిది లస్మయ్య. ఎల్లారెడ్డిలో మా వాడంతా డప్పుల వెనక పోచమ్మ గుడికి పోతోంది. దారిలో ఆమెకు ఆయాసం లేచింది. ఛాతీలో పిల్లికూతలు.

"ఇగ దించు వదినె. నడుమల పడేస్తె వాడకు అరిష్టమైతది," అని అతను కుండ లాక్కుని తన పెళ్లాం నెత్తిన పెట్టాడు. ఒక్కరూ కాదనలేదు. ఆమె ఎవరిదో గడప మీద కూర్చుని, ఊరేగింపు మలుపు తిరిగేదాకా చూసింది.

భర్త పోయాక బీడీలు చుట్టి కూతురు సాయిలతను పెంచిన మనిషి ఆమె. ఒళ్లో ఎప్పుడూ చాట, చాటలో తునికాకు, తంబాకు. ఆ పొడి పీల్చి పీల్చి ఆయాసం ఇంత దూరం వచ్చింది. ఆ పనిని మాత్రం అరిష్టమని ఎవరూ అనలేదు.

సాయిలత ఆమెను కామారెడ్డి తీసుకుపోయింది. డాక్టరు ఉబ్బసమని చెప్పి, రోజూ పీల్చే మందుతో పాటు, ఆయాసం లేచినప్పుడు బిగిసిన గొట్టాలను వదులు చేసే నీలిరంగు పంపు కూడా రాశాడు.

"పంపు అలవాటైతె ఇగ ఇడువది. రోగం ముదిరినంక ఆఖరుకు ఇచ్చేది గది," అన్నాడు లస్మయ్య.

అతని కంట పడకుండా ఆమె దాన్ని చాటలో ఆకుల కింద దాచింది. మూత ఎక్కడో పోయింది. ఒకసారి ఆదరాబాదరాగా పీలిస్తే, మందుకంటే ముందు తంబాకు పొడి గొంతులోకి పోయింది. పక్కన బీడీలు చుడుతున్న పోచవ్వ వీపు నిమిరి, "దొంగసార లెక్క మందు దాసుడేందే?" అంది. దగ్గుతూనే ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత ఆమె కొత్త పంపుకు మూత పెట్టి, చిన్న సంచిలో నడుముకు దోపుకుంది.

మరుసటి ఏడు లస్మయ్య వద్దన్నా బోనం ఎత్తింది. ఈసారీ దించితే ఇక జన్మలో ఎత్తనివ్వరని ఆమెకు తెలుసు. గుడి దగ్గర మైసాక్షి ధూపం పొగ కమ్మేసింది. ఆమె ఆగింది. ఒక చేత్తో కుండ పట్టుకుని, కళ్లు మూసుకుని, గాలి కోసం ఊగింది.

"శిగమొచ్చింది," అన్నారెవరో. అమ్మవారు పూనిందనుకుని డప్పులు మీదికొచ్చాయి. పసుపు నీళ్లు పోశారు. లస్మయ్య చెప్పులు విడిచి చేతులు జోడించాడు. పోచవ్వ కూడా, "తల్లీ, ఏం గావాలె చెప్పు," అని వంగింది.

అట్లా ఊగుతూ ఉంటే చాలు, ఆ కుండను ముట్టే ధైర్యం ఎవరికీ లేదు. ఆమె నడుముకున్న సంచిలోంచి పంపు తీసి, ఊపి, అందరి ముందు పీల్చి, ఊపిరి బిగబట్టి మెల్లగా వదిలింది.

"శిగం గాదు. నాకు ఆయాసం. మందు పీలుస్తున్న. జర జరుగుండ్రి, గాలి రానీయుండ్రి."

జోడించిన చేతులు ఏం చేయాలో తెలియక అట్లాగే ఉండిపోయాయి. ఆమె ఇంకోసారి పీల్చింది. ఊపిరి కుదురుకున్నాక నడిచింది. కాసేపటికి లస్మయ్యే డప్పుల వాళ్లతో, "మెల్లగ నడువుండ్రిరా," అన్నాడు. మా వాడ మీద నాకు పెద్ద గౌరవం లేదు. కానీ ఆ పూట ఆమె వెనక నడిచానని ఎక్కడైనా చెప్పుకుంటాను.

మొన్న కామారెడ్డి బస్టాండులో కనిపించింది. మందు కోసం వచ్చిందట.

"పెద్దమ్మా, శిగమని ఊకుంటే అందరు నీ కాళ్లు మొక్కుదురు గద," అన్నాను.

"మొక్కుదురు బిడ్డా. మొక్కుకుంట మొక్కుకుంటనే నా పానం దీద్దురు. బస్సొచ్చింది, జరుగు."