కింది నుంచి రెండో వరుస

మూడు రోజులు వరసగా సెలవులొస్తే మనుషులు హాయిగా మంచం మీద వెల్లకిలా పడుకోవచ్చు. ఆ తెలివి బావగారికి లేదు. ఆయన ముప్ఫై రెండేళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు గాని, ఆయన ఈల మాత్రం రిటైరవలేదు. పధ్నాలుగు మంది చుట్టాల్ని ఒక వ్యానులో కుక్కి, పాత కోటలూ సముద్రమూ చూపిస్తానని బయల్దేరదీశాడు. ఆ పధ్నాలుగు మందిలో ఒకడు మన అక్షరాలాయన, బావగారి చెల్లెలి మొగుడు.

ఆయన్ని అసలు పేరుతో ఎవరూ పిలవరు. బజారు చివర ఇరుకు కొట్టులో రాళ్ల మీద అక్షరాలు చెక్కడం ఆయన పని. ఇళ్ల పేర్లు, ప్రారంభోత్సవాల ఫలకాలు, పోయినవాళ్ల జ్ఞాపకార్థం పెట్టే రాతిబల్లలు. నలభై ఏళ్లుగా ఆ పొడిలోనే బతుకు. కనుబొమల్లో తెలుపు నెరిసిన వెంట్రుకో రాతిపొడో భార్య కూడా చెప్పలేదు. ఎక్కడ చెక్కిన అక్షరం కనబడినా గాడి వెంట వేలు నడిపిస్తే గాని ఆయన అక్కణ్ణుంచి కదలడు. కంటి కన్నా వేలి మీదే ఆయనకు నమ్మకం.

కొట్టు మూసి ఎక్కడికీ వెళ్లని మనిషి ఈసారి సరేననడానికి కారణం ఒక్కటే. మూడోరోజు చూడబోయే సముద్రపు కోట. యాభై ఏళ్ల కిందట ఆ కోటగోడ బాగుచేసినప్పుడు అందులో అమర్చిన నల్లరాతి ఫలకం చెక్కింది వాళ్ల నాన్న. పని ముగిసే రోజున ఉలి జారి ఒక అక్షరం దగ్గర పెచ్చు లేచింది. ఇంకో రాయి తెప్పించే వ్యవధి లేదు. రాతిపొడి జిగురులో కలిపి ఆ పెచ్చును మళ్లీ అతికించి, నున్నగా సానబట్టి, ఏమీ ఎరగనట్టు అప్పగించి వచ్చేశాడు. ఆ తప్పును ఎవరూ పట్టుకోలేదు. అది మాత్రం ఆయన్ని బతికినంత కాలం పట్టుకుంది. గాలివాన వచ్చినప్పుడల్లా కంచం ముందు కూర్చుని, "ఉప్పుగాలికి ఈపాటికి ఊడిపోయుంటుందిరా" అనేవాడు. వెళ్లి చూద్దాం పద అంటే, ఊడిపోయుంటే చూడలేనని మొహం తిప్పుకునేవాడు. మంచాన పడ్డాక కొడుకును దగ్గరికి పిలిచాడు.

"కింది నుంచి రెండో వరుస. చివర్నుంచి మూడో అక్షరం. ఎప్పుడైనా అటు వెళ్తే చూడు. ఎవరికీ చెప్పకు."

అక్షరాలాయన భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. బావగారికి చెబితే ఏమవుతుందో తెలుసు. అందర్నీ ఆ రాయి ముందు వరసగా నిలబెట్టి ఉపన్యాసం దంచుతాడు. పోయిన మనిషి కడుపులో దాచుకున్నదాన్ని మైకులో పెట్టినట్టే అవుతుంది.

సరే, ప్రయాణం సంగతి. బావగారి పద్ధతి ఒక్క ముక్కలో చెప్పాలంటే ముందు ఫొటో, తర్వాత చూడటం. వ్యాను ఆగగానే ఈల మోగుతుంది. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. బావగారి పిన్నిగారు తల దువ్వుకోవాలి, తర్వాత పౌడరు, తర్వాత ఆ పౌడరు ఎక్కువైందని తుడుచుకోవడం. ఫొటో తీసేది వ్యాను డ్రైవరు. రెండింట ఒక ఫొటోలో అతని బొటనవేలు పడుతుంది. అన్నీ కుదిరినా బావగారు ఫోను లాక్కుని అందరి కళ్లూ పరీక్షించి, "ఫలానావాడు కళ్లు మూశాడు, మళ్లీ" అంటాడు. ఆ మళ్లీలు పూర్తయ్యేసరికి ఇంకో ఈల, బయల్దేరమని. మొదటిరోజు కొండగుహల ముఖద్వారం చూశారు, గుహలు చూడలేదు. రెండోరోజు రాజుగారి మేడలో మెట్లు మాత్రమే చూశారు. ఇక సముద్రాన్నయితే పధ్నాలుగు మందీ వీపులతోనే చూశారు. అక్షరాలాయన పళ్లు నూరుకుంటూ, మూడోరోజు ఒక్కటి దక్కితే చాలని అన్నీ ఓర్చుకున్నాడు.

మూడోరోజు కోట అయిదింటికి మూసేస్తారు. ఆ సంగతి ఆయన పొద్దున్నించి నాలుగుసార్లు గుర్తుచేశాడు. అయినా దీపస్తంభం దగ్గర గంటన్నర పోయింది, అక్కడ ఎండ మొహాల మీద పడుతోందని మూడుచోట్ల నిలబెట్టినందుకు. కోటగుమ్మం దగ్గర దిగేసరికి నాలుగున్నర. దిగీదిగగానే పిన్నిగారి చెప్పు తెగింది. అక్షరాలాయన తల ప్రాణం తోకకొచ్చింది.

"బావగారూ, మీరు ఇక్కడ ఫొటో కానివ్వండి. నేనట్లా ముందుకెళ్లి చూసొస్తాను."

"ఎవరి దారి వాళ్లదైతే దాన్ని గుంపంటారా బావా? ఉండు, అందరం కలిసే వెళ్దాం."

"వెళ్లనీ అన్నయ్యా, ఆయనకేదో చూడాలని ఉంది," అంది భార్య.

"చూపించడానికే కదమ్మా తీసుకొచ్చింది. ముందు వరసలో నిలబడు."

ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన వెళ్లి వెనక వరసలో నిలబడ్డాడు. గుమ్మం దగ్గర ఒక ఫొటో, పాత ఫిరంగి దగ్గర రెండు. ఆవరణకు అవతల, సముద్రం వైపు గోడలో నల్లగా ఆ ఫలకం కనబడుతూనే ఉంది. నూరడుగులుండదు. అయిదింటికి పది నిమిషాలుందనగా కావలివాడు గంట కొట్టి, అందరూ బయటికి నడవమన్నాడు.

"చివరి ఫొటో," అన్నాడు బావగారు. "ఆ నల్లరాయి ముందు. వెలుతురు అక్కడ బాగుంది."

అక్షరాలాయన పరిగెత్తాడు. అరవై రెండేళ్ల మనిషి అలా పరిగెత్తడం పిల్లలు కూడా వింతగా చూశారు. అందరికన్నా ముందే చేరి, కళ్లద్దాలు తుడుచుకుని, వంగబోతుండగా వెనక ఈల మోగింది.

"బావా, ఇటు తిరుగు. పొడుగువాళ్లు వెనక, గోడకు ఆనుకుని."

తోసుకుంటూ వచ్చి అందరూ నిలబడ్డారు. ఎదురుగా పిన్నిగారి కొప్పు, పక్కన తోడల్లుడి భుజం. వెనక్కి తిరిగే సందు లేదు. ఆయనకు ఒళ్లు మండిపోయింది, ఆ మంటలోనే కళ్లలో నీళ్లు తిరిగాయి. నాన్న పని దాకా వచ్చి దానికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఈ ఫొటో అవగానే తలుపులు మూసేస్తారు. మళ్లీ ఇంత దూరం ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు.

"కదలకండి," అన్నాడు డ్రైవరు.

అక్షరాలాయన ఎడమచెయ్యి మెల్లిగా వెనక్కి పెట్టాడు. ఫలకానికి వీపు పెడితే వరస చివర ఎడమచేతికే వస్తుంది. వేలికి ముందు రాతి అడుగు అంచు తగిలింది. ఒక వరుస. దానిపైన రెండోది. చివర్నుంచి ఒకటి, రెండు, మూడు. అక్షరం గాడిలో వేలు పెట్టి మెలిక వెంట నడిపించాడు. నాన్న చెయ్యే. మెలిక తిప్పేచోట లోతు పెంచే అలవాటు నాన్నది, తనకు ఎంత చెప్పినా రాలేదు. అంచు దగ్గర వెంట్రుకంత గీత తగిలింది. తెలియనివాడికి అది దొరకదు. గీత మీద గోరు పెట్టి నొక్కాడు. దిగలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. పెచ్చు రాయిలో రాయిగా ఉంది.

యాభై ఏళ్ల గాలివానలకు నాన్న ఊరికే భయపడ్డాడు. అది చెప్పడానికి ఇప్పుడు నాన్న లేడు.

బావగారు ఫోను తీసుకుని ఒక్కొక్క మొహమే పెద్దది చేసి చూస్తున్నాడు. కావలివాడు తాళాలు ఆడిస్తూ దగ్గరికొస్తున్నాడు. ఎండకు మాడిన పిల్లలు గునుస్తున్నారు.

"బావా, కళ్లు మూశావు," అన్నాడు బావగారు విసుగ్గా. "మళ్లీ తీయాలి."

మూడు రోజుల్లో మొదటిసారి అక్షరాలాయన మొహంలో చిరాకు లేదు. చెయ్యి వెనకే ఉంది.

"తీయించండి బావగారూ," అన్నాడు. "ఎన్నిసార్లయినా తీయించండి."