ఖలాస్ అనే మంత్రం

అల్ వర్సాన్ కార్మిక శిబిరంలో టైల్సు పరిచే హన్మంతు, సిమెంటుకు గరుకెక్కిన వేళ్లకు కొబ్బరినూనె రాసుకొని ప్రతి సాయంత్రమూ పేకముక్కల గారడీ సాధన చేస్తాడు. రేపే తోటి కూలీల ముందు తొలి ప్రదర్శన. రాణి ముక్కను మాయం చేస్తూ "రాణమ్మ పుట్టింటికి పోయింది" అని ఎంత ఇంపుగా పలికినా, గదిలోని నెల్లూరు ఫర్దీన్ చూపు అతని చేతిని వదలదు.

"దొరికిపోయావన్నా! ఆఠీను రాణి నీ అరచేతిలోనే ఉండాది. రేపు అందురూ నవ్వతారు."

"ఖలాస్! ఇగ నాతోని కాదు!" అని హన్మంతు విసుగుతో అరిచాడు. పని ముగియగానే ఫోర్‌మన్ వేసే కేక అది. ఫర్దీన్ తల అప్రయత్నంగా గుమ్మం వైపు తిరిగింది. ఆ రెప్పపాటులో ముక్క జేబులోకి జారింది. హన్మంతు ఎగిరి గంతేశాడు.

మరునాడు వేదికపై "ఖలాస్!" అన్నాడు. తలలన్నీ ద్వారం వైపు తిరిగాయి, రాణి మాయమైంది. అయితే సగంమంది చెప్పులు వెతుక్కుంటూ లేచారు.

"అరే, కూసోండ్రి! ఆట ఇంకా ఉన్నది!"